శంషాబాద్‌లో దిగారు సరే... కొల్లాపూర్‌కు ఎలా వస్తారు?

ఫోను మోగుతుంది. "అమ్మా, టికెట్లు తీసుకున్నాం, వస్తున్నాం" అంటుంది అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న మీ అమ్మాయి. అంతే, ఇల్లంతా సంబరం. ఏ పచ్చడి పెట్టాలి, ఏ గది సర్దాలి అని మీరు లెక్కలు మొదలుపెడతారు. పెద్దావిడకు మనవరాలిని సింగోటం తీసుకెళ్ళి మొక్కు తీర్చాలని ఉంటుంది. పిల్లలకేమో విమానం దిగిన మరుక్షణం వండర్‌లా చూడాలని ఉంటుంది. అల్లుడికి పది రోజులే సెలవు. ఈ హడావుడిలో అందరూ మరచిపోయే ప్రశ్న ఒకటి ఉంది. శంషాబాద్ నుంచి కొల్లాపూర్ దాకా వీళ్ళు దేంట్లో వస్తారు?

"అదేముందండీ, ఏదో ఒక బండి మాట్లాడితే సరి" అనకండి. వేల మైళ్ళు క్షేమంగా ఎగిరి వచ్చినవాళ్ళకు అసలు అలసట, అసలు ప్రమాదం ఈ చివరి నూట అరవై కిలోమీటర్లలోనే ఉన్నాయి. ముందురోజే కాస్త కూర్చుని ఆలోచిస్తే డబ్బూ మిగులుతుంది, ప్రాణం కూడా కుదుటగా ఉంటుంది.

ముందు దారి తెలుసుకుందాం

ఒకప్పుడు మన పాలమూరు పల్లెల్లో దూరప్రయాణం అంటే బొంబాయి బస్సే. విమానం అంటే నగరానికి అవతల ఉన్న బేగంపేట. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు మారింది. దాంతో మనవాళ్ళకు ఒక మేలు జరిగింది. విమానం దిగినవాళ్ళు హైదరాబాద్ ట్రాఫిక్‌లోకి పోకుండానే మనవైపు తిరగవచ్చు.

కొల్లాపూర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఊరికి రైలు లేదు. కాబట్టి రోడ్డే గతి. ఆ రోడ్లు రెండున్నాయి.

మొదటిది బెంగళూరు హైవే. శంషాబాద్, షాద్‌నగర్, జడ్చర్ల దాటి భూత్పూర్ దగ్గర ఎడమకు తిరిగితే బిజినేపల్లి, నాగర్‌కర్నూల్, పెద్దకొత్తపల్లి మీదుగా కొల్లాపూర్. భూత్పూర్ దాకా రోడ్డు వెడల్పుగా ఉంటుంది. దారిలో హోటళ్ళు, పెట్రోలు బంకులు, ఆడవాళ్ళు దిగి వెళ్ళడానికి వీలైన చోట్లు ఎక్కువ.

రెండోది శ్రీశైలం రోడ్డు. ఔటర్ రింగ్ రోడ్డు మీద తుక్కుగూడ దగ్గర దిగి కడ్తాల్, ఆమన్‌గల్, కల్వకుర్తి దాకా వెళ్ళి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరతారు. పగటిపూట చల్లగా, హాయిగా సాగే దారి. కాకపోతే మధ్యలో ఆగడానికి మంచి చోట్లు మొదటి దారిలో ఉన్నన్ని ఉండవు.

ఎటు వచ్చినా 160, 170 కిలోమీటర్లు. మూడు గంటల నుంచి మూడున్నర గంటలు పడుతుంది. చంటిపిల్లలుంటే ఇంకో అరగంట కలుపుకోండి. చీకట్లో అయితే మొదటి దారి, తెల్లవారాక అయితే ఏదైనా సరే అని గుర్తుపెట్టుకోండి, చాలు.

బస్సా? ఎవరికి బాగుంటుంది?

చేతిలో ఒక సంచీ, భుజాన ఒక సంచీ పట్టుకుని ఒక్కరే వచ్చేవారికి ఆర్టీసీ బస్సుకు మించింది లేదు. విమానాశ్రయం గుమ్మంలోనే పుష్పక్ ఏసీ బస్సులు దొరుకుతాయి. అవి నగరంలోకి వెళ్తాయి. కొల్లాపూర్ బస్సులు ఎంజీబీఎస్‌లో, అదేనండీ మన ఇమ్లీబన్‌లో, బయలుదేరి ఆరాంఘర్ మీదుగానే వస్తాయి. కాబట్టి ఆరాంఘర్ చౌరస్తాలో దిగి ఎక్కవచ్చు. కానీ అక్కడికి వచ్చేసరికి బస్సు నిండిపోయి ఉంటుంది. కాళ్ళనొప్పులున్నవారు, సామాను ఉన్నవారు ఇమ్లీబన్ దాకా వెళ్ళి కూర్చుని రావడమే మంచిది. ముందుగా రిజర్వేషన్ దొరికే బస్సయితే సీటు చేయించుకోండి.

ఇక్కడ ఆడవాళ్ళకు ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు డబ్బు లేదు. చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. అయితే ఆ చిరునామా తెలంగాణదై ఉండాలి. విదేశీ పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకొచ్చిన అమ్మాయికి ఇది వర్తించదు. పుష్పక్‌కు, సూపర్ లగ్జరీకి కూడా వర్తించదు. మీరు మాత్రం కూతుర్ని ఎదుర్కోవడానికి వెళ్ళేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి, వచ్చేటప్పుడు వాళ్ళ బండిలో రావచ్చు. ఒకవైపు ఖర్చు తగ్గినట్టేగా!

కిరాయి బండి మాట్లాడేటప్పుడు

నలుగురు మనుషులు, సూట్‌కేసులు ఉంటే కారు తప్పదు. ముందు ఒక చిన్న లెక్క. అమెరికా నుంచి వచ్చేవాళ్ళు మామూలుగా తలకు రెండు పెద్ద పెట్టెలు తెస్తారు, ఒక్కోటి 23 కిలోలు. నలుగురికి ఎనిమిది. వాటికి తోడు చేతిసంచులు. చిన్న కారు డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు పడితే గొప్ప. "ఎలాగో సర్దుదాం లెండి" అని చిన్న కారు పంపితే అమ్మాయి ఒళ్ళో పెట్టె, పెట్టె మీద పిల్లాడు కూర్చుని రావలసిందే. పైన క్యారియర్ ఉన్న పెద్ద బండి మాట్లాడండి. పెట్టెల మీద కప్పడానికి పట్టా, కట్టడానికి తాళ్ళు ఇంటి నుంచే పంపండి. వానాకాలంలో మరీను.

బండి ఎక్కడ మాట్లాడాలి? రెండు మార్గాలున్నాయి. విమానాశ్రయంలోనే ప్రీపెయిడ్ టాక్సీ గానీ, ఫోనులో పిలిచే క్యాబు గానీ తీసుకోవడం ఒకటి. కొల్లాపూర్ నుంచే తెలిసిన బండి పంపడం రెండోది. మొదటిదానిలో రసీదు ఉంటుంది, డ్రైవరు వివరాలు ఉంటాయి, వెయిటింగు గొడవ లేదు. కానీ నగరం క్యాబులు కొన్ని ఇంత దూరం రావడానికి ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఖాళీగా తిరిగి వెళ్ళే ఖర్చు కూడా మన దగ్గరే వసూలు చేస్తాయి. రెండోదానిలో మనిషి తెలిసినవాడు, ఊరి దారి తెలిసినవాడు. కానీ విమానం మూడు గంటలు ఆలస్యమైతే ఆ మూడు గంటలూ మీవే.

ఏ బండి అయినా సరే, మాట్లాడేటప్పుడు ఈ అయిదూ అడగండి.

* కిలోమీటరు లెక్కా, మొత్తం కలిపి ఒకే మాటా? కిలోమీటరు లెక్క అయితే రానూపోనూ రెండూ లెక్కేస్తారా?
* డ్రైవరు బత్తా, రాత్రి ఛార్జీ అందులోనే ఉన్నాయా?
* టోల్, ఔటర్ రింగ్ రోడ్డు డబ్బు, విమానాశ్రయం పార్కింగు ఎవరివి?
* విమానం ఆలస్యమైతే గంటకు ఎంత?
* బండి వెనక సీట్లలో బెల్టులు పనిచేస్తాయా?

చివరిది అడగడానికి మొహమాటపడకండి. అక్కడ పిల్లలు బెల్టు పెట్టుకోకుండా కదలరు. ఇక్కడికి వచ్చేసరికి "ఏం కాదులే" అని మనమే ఆ అలవాటు మాన్పించకూడదు. బెల్టు సీటు కిందకు దూరిపోయి ఉంటే బయలుదేరకముందే పైకి తీయించండి.

రాత్రి దిగే విమానాలు, నిద్రలేని డ్రైవర్లు

ఈ సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. బయటి దేశాల విమానాలు చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య దిగుతాయి. మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? డ్రైవరు పగలంతా ఏదో కిరాయికి తిరిగి ఉంటాడు. సాయంత్రం ఏడింటికి కొల్లాపూర్‌లో బయలుదేరి పదిన్నరకు శంషాబాద్ చేరతాడు. పార్కింగులో అర్ధరాత్రి రెండు దాకా ఎదురుచూస్తాడు. మూడింటికి పెట్టెలు కట్టి మళ్ళీ స్టీరింగు పట్టుకుంటాడు. వెనక సీట్లో అందరూ విమానం బడలికతో మాగన్నుగా నిద్రపోతుంటారు. బండిలో మెలకువగా ఉండవలసిన మనిషి ఒక్కడే, ఆయనకు నిద్రపోయి ఇరవై గంటలు!

నాలుగు నుంచి ఆరు దాకా మనిషికి కునుకు ఆగని వేళ. హైవే మీద ఆగి ఉన్న లారీ దగ్గరకు వచ్చేదాకా కనిపించదు. ఊళ్ళ దగ్గర వడ్ల రాసులు, పశువులు, లైట్లు లేని ట్రాక్టర్లు ఉంటాయి. "త్వరగా ఇల్లు చేరాలి" అన్న ఆత్రం కన్నా "అందరం ఇల్లు చేరాలి" అన్నది పెద్దది కదమ్మా.

అందుకని విమానం అర్ధరాత్రి దాటాక దిగేదైతే మూడింటిలో ఒకటి చేయండి. తెల్లారేదాకా విమానాశ్రయంలోనే కూర్చోమనండి. వెలుతురు ఉంటుంది, బాత్రూములుంటాయి, కాఫీ దొరుకుతుంది. లేదా శంషాబాద్ చుట్టుపక్కల ఒక గది తీసుకుని నాలుగు గంటలు నడుం వాల్చి, స్నానం చేసి బయలుదేరమనండి. అదీ కాదంటే డ్రైవరును మధ్యాహ్నమే పంపి, ఆయన కూడా ఎక్కడో ఒకచోట పడుకునే ఏర్పాటు చేయండి. ఆయన భోజనానికి, పడకకు అయ్యే ఖర్చు మీ పెట్టెల కిరాయి కన్నా ఎక్కువేమీ కాదు. బండి కదిలాక ముందు సీట్లో మాటకారి మేనమామను కూర్చోబెట్టండి. ఆయన నోరు మూతపడదు, డ్రైవరు కన్నూ మూతపడదు!

ఆడవాళ్ళే వస్తున్నప్పుడు బండి నంబరు, డ్రైవరు ఫోను నంబరు ఇంటికి పంపమనండి. షాద్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ దాటినప్పుడల్లా ఒక మాట చెప్పమనండి. ఆపద వస్తే 112 అని పిల్లలకు కూడా నేర్పండి.

పిల్లల పార్కు ముచ్చట

ఇక వండర్‌లా గొడవ. 2016లో మొదలైన ఈ పార్కు రావిర్యాల దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది. విమానాశ్రయం నుంచి ఔటర్ ఎక్కితే పెద్ద గోల్కొండ, తుక్కుగూడ, ఆ తరువాత రావిర్యాల. శ్రీశైలం రోడ్డు కూడా తుక్కుగూడ దగ్గరే మొదలవుతుంది కదా. అంటే పార్కు మన దారికి ఒక్క మెట్టు అవతల ఉన్నట్టు. రామోజీ ఫిల్మ్ సిటీ సంగతి వేరు. అది విజయవాడ హైవే వైపు. దానికి విడిగా ఒక రోజు కావాలి.

"దారిలోనే కదా, దిగగానే చూపించేస్తే సరి" అనిపిస్తుంది. వద్దు. దిగిన రోజు పిల్లలకు పగలు రాత్రిలా ఉంటుంది. పెట్టెలన్నీ బండిలో ఉంటాయి. పైగా ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న పెద్దావిడ మాట ఏమిటి? ఆమెకు మనవళ్ళను చూడకుండా గడిచిన ఏళ్ళ మీద ఇంకో రోజు కలుపుతామా?

తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. విమానం ఎక్కే రోజు కాకుండా ముందురోజు. తెల్లవారుజామున కొల్లాపూర్‌లో బయలుదేరి కల్వకుర్తి మీదుగా వస్తే పార్కు తెరిచే వేళకు చేరతారు. సాయంత్రం దాకా ఆడి, రాత్రికి శంషాబాద్ దగ్గర బస చేసి, మర్నాడు తీరిగ్గా విమానం ఎక్కవచ్చు. సాయంత్రం అందరూ ఒకేసారి బయటికి వస్తారు కాబట్టి అప్పటికప్పుడు క్యాబు దొరకడం కష్టం. పొద్దున తెచ్చిన బండినే రోజంతా ఉంచుకోండి. డ్రైవరు దగ్గర పాస్‌పోర్టులు, నగలు వదలకండి, అవి మీ దగ్గరే ఉండాలి.

నీటి ఆటలకు నూలు బట్టలు ఒప్పుకోరు. నైలాను, పాలియెస్టరు ఈత దుస్తులు ఇంటి నుంచే తెచ్చుకుంటే అక్కడ కొనే ఖర్చు తప్పుతుంది. పెద్ద ఆటలకు ఎత్తు కొలుస్తారు. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వాటి జోలికి పోకూడదు. తడిబట్టలకు రెండు ప్లాస్టిక్ సంచులు మరవకండి.

కొల్లాపూర్ చేరాక...

పెద్దకొత్తపల్లి దాటాక రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలు కనిపిస్తాయి. ఎండాకాలంలో వస్తే బుట్టెడు పండ్లు ఇంటికి రాకముందే బండిలో చేరతాయి. సింగోటం దారిలోనే తగులుతుంది. చెరువు ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి గుడి. సంక్రాంతి వేళ జాతర. మొక్కు ఉన్నవారు ఆ రద్దీలో కాకుండా మామూలు రోజుల్లో వస్తే ముసలివాళ్ళకు సుఖం. ఊళ్ళో సురభి రాజుల కోట, మాధవస్వామి గుడి చూడవచ్చు. జటప్రోలు సంస్థానాధీశులైన ఆ వంశంలోని సురభి మాధవరాయలే "చంద్రికా పరిణయం" రాసిన కవి.

కొల్లాపూర్ నుంచి సోమశిల పది కిలోమీటర్ల లోపే. ఆటో చాలు, ఇంత పెద్ద బండి అక్కర్లేదు. కొండల మధ్య కృష్ణ సముద్రంలా కనిపిస్తుంది. పిల్లలకు ఊరికే నీళ్ళు చూపించి ఊరుకోకండి. ఆ నీళ్ళ కింద ఏముందో చెప్పండి. శ్రీశైలం ప్రాజెక్టు జలాశయం నిండినప్పుడు, 1980ల తొలినాళ్ళలో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. పొయ్యి రాళ్ళు, తులసికోట, తాతలు నాటిన చింతచెట్టు వదిలి జనం పైకి వచ్చారు. గుళ్ళను మాత్రం రాయి రాయికీ అంకె వేసి విప్పి, పైన మళ్ళీ కట్టారు. సోమశిలలో మీరు దండం పెట్టుకునే సోమేశ్వరుడు, జటప్రోలులో మదనగోపాలస్వామి అలా తరలివచ్చినవారే. రాళ్ళకు అంకెలు వేసి గుడి కట్టగలిగారు గానీ, ఊరు అలా కట్టడం ఎవరి తరం? ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు అవతలి ఒడ్డువైపు సంగమేశ్వరం బయటపడుతుంది. పుష్కరాలు 2016లో వచ్చాయి, మళ్ళీ 2028లో.

పడవ ఎక్కే ముందు

నీరు నిండుగా ఉన్న నెలల్లో సోమశిల నుంచి శ్రీశైలానికి పర్యాటక సంస్థ లాంచీ నడుపుతుంది. మామూలుగా వానాకాలం చివర నుంచి చలికాలం దాకా. నల్లమల కొండల నడుమ సుమారు 120 కిలోమీటర్లు, ఆరేడు గంటల ప్రయాణం. పిల్లలకు ఏ పార్కులోనూ దొరకని వినోదం ఇది. నీటిమట్టం చూసి నడుపుతారు గనుక బయలుదేరేముందే కనుక్కుని టికెట్టు తీసుకోండి. శ్రీశైలంలో దిగాక బండి అక్కడికి రావాలా, బస్సులో వస్తారా అన్నదీ ముందే అనుకోండి.

కానీ ప్రతి పడవా లాంచీ కాదు. 2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, నెహ్రూనగర్, మంచాలకట్ట మధ్య కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్ళు వినోదానికి ఎక్కినవారు కారు. అవతలి ఒడ్డుకు పోవడానికి అదే దగ్గర దారి. రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలంటే ఒక పూట పోతుంది. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకు కేంద్రం 2022లో ఆమోదం తెలిపింది. దాని మీద జనం నడిచేదాకా ఈ నీటి మీద జాగ్రత్త మనదే.

అందుకని నాలుగు మాటలు. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకండి. ఉంటే పక్కన పెట్టుకోవడం కాదు, తొడుక్కోండి, పిల్లలకు వాళ్ళ కొలతవి అడగండి. మనుషులు కిక్కిరిసి ఉంటే ఆ పడవ వదిలేయండి. గాలి లేచినా, చీకటి పడుతున్నా దిగండి. ఫోటోకోసం అందరూ ఒకే వైపుకు జరగకండి. "అందరూ ఎక్కుతున్నారు కదా, మనమొక్కరమేనా" అని బంధువులు నవ్వితే నవ్వనివ్వండి.

దారి బత్తెం

విమానం తిండి తిని నోరు చచ్చి వచ్చేవాళ్ళకు ఎదురు పంపడానికి సద్ది ఇలా కట్టండి. పులిహోర రాత్రి కలిపినా మర్నాడు మధ్యాహ్నం దాకా పాడు కాదు. పల్చటి జొన్నరొట్టె, నువ్వులపొడి వేరువేరుగా కట్టండి. రొట్టెలు బాగా చల్లారాకే నూలుగుడ్డలో చుట్టాలి, లేకపోతే చెమర్చి మెత్తబడతాయి. పెరుగన్నం వద్దు, ఎండకు పులుస్తుంది. వాంతులయ్యే పిల్లలకు ఎండబెట్టిన అల్లం ముక్కలు, ఒక నిమ్మకాయ పెట్టండి. కాచి చల్లార్చిన నీళ్ళు రెండు సీసాలు. డ్రైవరుకు కూడా ఒక పొట్లం వేరుగా కట్టి, ఆయన పేరు చెప్పి ఇవ్వండి.

మీ అమ్మాయి ఈసారి ఫోను చేసినప్పుడు "ఏం వండమంటావు" అని అడిగే ముందు "ఎన్నింటికి దిగుతావు, ఎన్ని పెట్టెలు" అని అడగండి. ఆ రెండు జవాబుల మీదే బస్సా, చిన్న కారా, పెద్ద బండా, రాత్రి ప్రయాణమా, తెల్లారాకా అన్నదంతా తేలిపోతుంది. వంట సంగతి అంటారా, మీ చేతి వంట ఏదైనా వాళ్ళకు అమృతమే!